హనుమకొండలో మూడు రోజులు, రామప్ప కట్ట మీద ఒక సాయంత్రం

ప్రాబబిలిటీని నిత్యజీవితపు సమస్యలకు వాడే పరిశోధన మీద పనిచేసేవాళ్లం ఏడాదికోసారి ఒకచోట కలుస్తాం. ఈసారి డిసెంబరులో, హనుమకొండలో. జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే నాకు, ఇంటికి ఇంత దగ్గరగా జరగడం ఇదే మొదటిసారి. వచ్చే ఏడు ఇటువైపు రావాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ప్రయాణం, బస, సభ అన్నీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రైలులో వచ్చేవాళ్లు సాధారణంగా వరంగల్ స్టేషన్‌కు టికెట్ తీస్తారు. మీటింగు హనుమకొండలో అయితే కాజీపేటలో దిగడమే మేలు. సికింద్రాబాద్ నుంచి 132 కిలోమీటర్లు. స్టేషన్ బయట షేర్ ఆటోలు ఉంటాయి, ఎన్ఐటీ దాటుకుంటూ చౌరస్తా దాకా ఒకటే రోడ్డు. నేను మాత్రం బస్సులో వచ్చాను. కరీంనగర్‌లో మారి హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగా. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు జీరో టికెట్ కదా, ఆధార్ చూపిస్తే చాలు. హుజూరాబాద్ దాకా నిలబడే వచ్చాను. అయినా ఆ బస్సులో కూలికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలమ్మలు అంతమంది కనిపిస్తే సంతోషంగానే ఉంది. లగేజీ ఎక్కువుంటే మాత్రం డబ్బులు పెట్టి డీలక్స్ ఎక్కండి.

కష్టమంతా బస దగ్గరే వచ్చింది. పది రోజుల ముందే ఒక లాడ్జిలో ఆన్‌లైన్‌లో రూము తీసుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు బ్యాగుతో వెళ్తే కౌంటర్ దగ్గరి అబ్బాయి, "మేడం, రూములన్నీ నిండినయి, మీ పైసలు వాపస్ వస్తయి" అన్నాడు. నా ముందే ఇంకొక దంపతులను కూడా అలాగే పంపించాడు. చలి, కొత్త చోటు, ఒక్కదాన్నే. టెన్షన్‌తో చేతులు వణికాయి. చివరికి మా సభకే వచ్చిన ఖమ్మం అక్క ఒకరు ఫోన్ ఎత్తి, "ఇటు రా చెల్లీ, నా రూములో పడుకుందాం" అంటే గండం గడిచింది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. లాడ్జిలో 20 రూములు ఉన్నాయనుకుందాం. బుక్ చేసుకున్న వాళ్లలో పదిమందికి ఒకరు రారని యజమాని అంచనా. ఖాళీ పోకూడదని 22 బుకింగులు తీసుకుంటాడు. ప్రతి ఒక్కరూ రావడం, రాకపోవడం ఎవరికి వారిదే అయితే, 20 మందికి మించి వచ్చే అవకాశం 34 శాతం. అంటే మూడు రాత్రుల్లో ఒక రాత్రి ఎవరో ఒకరు బయట నిలబడాలి. 21 బుకింగులతో ఆగితే అది 11 శాతానికి దిగుతుంది. ఒక్క బుకింగు తేడా. పైగా ఆ రోజు పెళ్లి ముహూర్తం, దానికి తోడు మా సభ. పెళ్లివాళ్లూ మేమూ ఎవరికి వారు విడివిడిగా వచ్చేవాళ్లం కాదు, వస్తే అందరం ఒకేసారి వస్తాం. అలాంటి రోజున 34 శాతం అన్న లెక్క కూడా తక్కువే అవుతుంది. ఇక ఖర్చు సంగతి. యజమాని లెక్కలో నన్ను తిప్పి పంపితే పడే నష్టం రూము కిరాయి వాపసు ఇవ్వడం వరకే. రాత్రి పూట వీధిలో నిలబడ్డ ఆడమనిషికి పడే నష్టం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

కాబట్టి నా సలహా. ముహూర్తాలున్న రోజుల్లో వచ్చేట్టయితే బయలుదేరే రోజు పొద్దున లాడ్జికి ఫోన్ చేసి, చేరే గంట చెప్పి, రూము నంబరు అడిగి రాసుకోండి. వీలైతే చీకటి పడకముందే చేరండి. రెండో రోజు నుంచి నక్కలగుట్ట వైపు ఒక మామూలు హోటల్‌లో ఉన్నాం. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే, గోడలు పాతవి. కానీ మాట తప్పలేదు, రాత్రి గేటు దగ్గర మనిషి ఉన్నాడు. టూరిజం శాఖ వాళ్ల హరిత కాకతీయ కూడా ఆ దగ్గర్లోనే ఉంది. సుబేదారి, నక్కలగుట్ట ప్రాంతమైతే సభకూ గుళ్లకూ రెంటికీ దగ్గర.

మొదటి రోజు ఉదయం ప్రారంభంలో సి.ఆర్. రావు గారి ఫోటోకు పూలమాల వేశారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన మనిషి, 102 ఏళ్ల వయసులో 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది వెళ్లిపోయారు. తర్వాత ప్రధాన ఉపన్యాసం. 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఇంజనీరు ఫోన్ కాల్స్ ఎలా వస్తాయో లెక్కగట్టిన దగ్గర మొదలుపెట్టి బాగానే తీసుకొచ్చారు. కానీ మైకు సరిగా లేదు. వెనక వరుసల్లో సగం మాటలు వినపడలేదు. ఒక్కో స్లైడు మీద ఇరవై వరుసల సమీకరణాలు. అంత పెద్ద హాలు తీసుకున్నప్పుడు వెనక కూర్చున్న కుర్రవాళ్లకు వినపడేట్టు చూసుకోవడం నిర్వాహకుల బాధ్యత. భోజనాలు మాత్రం ఎంత చెప్పినా తక్కువే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, గుత్తివంకాయ, రెండో రోజు సాయంత్రం టీతో వేడివేడి సర్వపిండి.

ఈ సభకు ఎందుకు రావాలి అని ఎవరైనా అడిగితే నేను వరండా చూపిస్తాను. పిల్లలు తమ పరిశోధనను ఒక్క పెద్ద కాగితం మీద రాసి చూపించే పోస్టర్లు అక్కడ పెట్టారు. ములుగు వైపు పల్లె నుంచి వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి ఒకరు ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ చీటీల లైను మీద పనిచేసింది. కౌంటర్‌కు ఒక లైను కాకుండా, అందరికీ ఒకటే లైను పెట్టి ఖాళీ అయిన కౌంటర్‌కు పంపితే ఎదురుచూపు తగ్గుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. ఆమె చూసింది ఇంకొకటి. పుస్తకాల్లో రోగులు ఒక్కొక్కరే, ఎవరికి వారు వస్తారు. పాయిజాన్ ప్రాసెస్ అని మేం పాఠం చెప్పేది అదే. "మా దగ్గర అట్ల రారు మేడం. పొద్దుగాల బస్సు దిగంగనే అందరొక్కసారే వస్తరు. మళ్ల అర్ధగంట ఎవ్వరుండరు" అంది. సగటు ఎదురుచూపు తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే ఆస్పత్రి ఉన్న ఊరివాళ్లు లైను లేనప్పుడు తీరిగ్గా వచ్చి తీరిగ్గా చీటీ తీసుకుంటారు. బస్సు దిగిన వరుసలో ఆఖరున నిలబడ్డ ముసలమ్మకు మాత్రం పొద్దంతా అక్కడే. గుంపుగా వచ్చే లైనుకు వేరే లెక్క ఉంది, ఆమె అదే వాడింది. నేను ఆ పోస్టర్ ముందు గంటసేపు నిలబడ్డాను. నా లాడ్జి గొడవ చెప్తే ఆమె వెంటనే, "అదీ ఇదీ ఒక్కటే గద మేడం" అంది. అవును, ఒక్కటే.

మూడు రోజుల్లో ఇలాంటి పోస్టర్లకు ఒక్క మధ్యాహ్నమే ఇచ్చారు. అది నాకు నచ్చలేదు. ఈ పిల్లలు తమ ఊరి సమస్యను మోసుకొచ్చారు. వాళ్లకు ఒక పూట పెద్ద హాలు ఇవ్వాల్సింది.

ఊళ్లో చూడాల్సినవి త్వరగా చెప్తాను. వేయిస్తంభాల గుడి 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది. ఏళ్ల తరబడి విప్పి పెట్టిన కల్యాణ మండపాన్ని తిరిగి నిలబెట్టి 2024లో తెరిచారు. ఉదయం ఆరున్నరకు వెళ్తే రాతి మీద ఎండ పడటం చూడొచ్చు. భద్రకాళి గుడి, చెరువు గట్టు సాయంత్రానికి బాగుంటాయి. వరంగల్ కోటలో కీర్తి తోరణాల మధ్య నిలబడటానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి.

రామప్పకు మాత్రం పూర్తి రోజు కావాలి. సభ అయిపోయిన మర్నాడు ఆ ములుగు అమ్మాయీ, ఖమ్మం అక్కా, నేనూ కలిసి వెళ్లాం. సుమారు 70 కిలోమీటర్లు. కారు మాట్లాడుకోవచ్చు. మేం హనుమకొండ బస్టాండ్‌లో ఏటూరునాగారం వైపు బస్సెక్కి జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి ఆటో పట్టాం. బస్సుల మధ్య ఎడం ఒక తీరుగా ఉండదు. ఒకటి 10 నిమిషాలకు, ఇంకొకటి 50 నిమిషాలకు వస్తే సగటు 30, కాబట్టి 15 నిమిషాలు ఆగితే చాలనుకుంటాం. మనం ఎప్పుడంటే అప్పుడు వెళ్తే ఆరింట అయిదు వంతులు ఆ పొడుగు ఎడంలోనే పడతాం. లెక్క కడితే దాదాపు 22 నిమిషాలు తేలుతుంది. నీళ్ల సీసా, తినడానికేమైనా దగ్గర పెట్టుకోండి.

గుడి గురించి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ రాశారు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, శిల్పి పేరుతో పిలిచే గుడి, ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకల శిఖరం. నల్లరాతి మదనికల నగల సందుల్లోకి దారం దూరేంత సన్నపు పని నేను మళ్లీ మళ్లీ చూశాను. గుడి చూసి తిరిగి వెళ్లిపోకండి. దగ్గర్లోనే చెరువు ఉంది, కట్ట ఎక్కండి.

1954లో మొరాన్ అనే ఆయన ఆస్ట్రేలియాలో ఆనకట్టలకు ప్రాబబిలిటీ సిద్ధాంతం రాశాడు. ఏటా వచ్చే నీరు మన చేతిలో లేదు, వదిలే నీరు ఇంత అని ముందే నిర్ణయించుకుంటాం, నిండాక పొర్లింది పోయినట్టే. కాకతీయుల గొలుసుకట్టులో పొర్లింది పోదు, ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు అదే రాబడి. నేను ఈ మాట ఖమ్మం అక్కతో అంటుంటే కట్ట మీద మేకలు కాస్తున్న తాత ఒకాయన ఆగి విన్నాడు. వాళ్ల నాయిన వాళ్ల ఊరి చెరువుకు నీరటి, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషి, అట.

"మరి కరువొస్తే ఎట్ల తాతా? అన్ని చెరువులు ఒక్కసారే ఎండుతయి గద?" అని ములుగు అమ్మాయి అడిగింది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. లాడ్జిలో, ఓపీ లైనులో జరిగిందే ఇక్కడా జరుగుతుంది, వాన రాకపోతే ఒక్క చెరువుకే కాదు, అన్నిటికీ ఒకేసారి రాదు.

"అందుకే తైబందీ బిడ్డా" అన్నాడు తాత. "యాసంగికి ముందు అందరు కట్టమీద కూసుందురు. తూము కాడ నీళ్లు సూసి, ఈ యేడు ఇంతే పారుతదని ఒప్పుకుందురు. నిండితే అందరు నాటేసుడే. నిండకుంటే ఉన్నోనికి లేనోనికి ఇంటికింత మడి. ఎవ్వని పొలం మొత్తం ఎండనియ్యకపోదురు."

మొరాన్ నియమంలో వదిలే నీరు ఒక స్థిరసంఖ్య. తైబందీలో అది చెరువు మట్టాన్ని బట్టి మారుతుంది, కొరత అందరి మీదా పరుచుకుంటుంది. ములుగు అమ్మాయి నోటుబుక్కు తీసి ఏ మట్టానికి ఎంత మడి ఇచ్చేవారని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. తూములో ఎన్ని రంధ్రాలు మునిగితే ఎన్ని ఎకరాలు అన్నది ఆయన వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పాడు. మేకలు దూరం పోతుంటే మధ్యలో లేచి అదిలించి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. వచ్చే ఏడాది సభకు ఇదే రాస్తానని ఆమె అంది. పాత తైబందీ లెక్కలు ఇంకెవరి దగ్గర దొరుకుతాయో తెలుసుకోవడానికి సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వస్తానని నేను మాటిచ్చాను. అయిదున్నరకే చీకటి పడుతోంది, ఆటో అతను జంగాలపల్లి బస్సు పోతుందని పిలుస్తుంటే కట్ట దిగాం.