అనుమతి దొరికాకే గాలం

రాజమండ్రి నుంచి వచ్చిన మర్నాడే మా మామయ్యగారు బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాటు బాల్కనీలోంచి చెరువు చూసి, "అల్లుడూ, నాలుగు ఎర్రలు తవ్వి గాలం వేద్దామా" అన్నారు. ఇక్కడ చాలా చెరువుల్లో చేపల హక్కు వేలంలో కాంట్రాక్టరు చేతికి పోతుంది, గట్టు మీద కాపలా ఉంటుంది. పైగా మురుగు. 2016 మార్చిలో ఉల్సూరు చెరువు మీద చచ్చిన చేపలు తెల్లగా తేలడం చూశాక, బెంగళూరు చెరువు చేప మా ఇంటి పొయ్యి మీదికి రాలేదు. సరే, కావేరికి పోదాం అన్నాను. మాట ఇవ్వడం తేలికే.

ముందు కావేరి ఒడ్డునున్న భీమేశ్వరి అనుకున్నాం. ఇక్కణ్ణుంచి దాదాపు 100 కిలోమీటర్లు. ఆ ఊరిని, అదే నది ఒడ్డున ఉన్న గాలిబోరెని జనం ఇప్పటికీ ఫిషింగ్ క్యాంపులనే అంటారు. ఒక ట్రావెల్ ఏజెంటు అదే పేరు చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. గాలం కర్రతో సహా దిగాక తెలిసింది, అక్కడ గాలం ఆగిపోయి పదేళ్ల పైమాటే. అది కావేరి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం చేపని పట్టి వదిలేసినా వేట కిందే లెక్క అని తేల్చి గాలం ఆపించారు. అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు. పుట్టి ఎక్కి తిరిగాం, చెట్ల కింద చల్లగా కూర్చున్నాం. బస బాగుంది, తిండీ బాగుంది. నది చూడ్డానికైతే వెళ్లండి. గాలం మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

రెండోసారి బుద్ధొచ్చి, బసకంటే ముందు అనుమతి సంగతి చూశాను. కొడగులో వాల్నూరు దగ్గర కావేరిలో కొంత మేర గాలం వేయడాన్ని కూర్గ్ వైల్డ్‌లైఫ్ సొసైటీ చూసుకుంటుంది, లైసెన్సు వాళ్ల దగ్గరే తీసుకోవాలి. బెంగళూరు వైపు వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా అని 1972లో పుట్టిన సంఘం ఉంది, వాళ్ల చేతిలోనూ కావేరి మీద కొంత మేర ఉంది. రుసుము మారుతూ ఉంటుంది కాబట్టి నేను కట్టింది రాయను. ఫోన్ చేసి అడిగి, రసీదు చేతికొచ్చాకే బస బుక్ చేసుకోండి. వానాకాలం పెట్టుకోకండి, నీళ్లు ఎర్రగా పొంగి గాలం పనికిరాదు.

నిబంధన ఒక్కటే పెద్దది: పట్టిన చేపని వదిలేయాలి. గాలం కొక్కేనికి వెనక్కి తిరిగిన లోపలి ముల్లు ఉండకూడదు, ఉంటే పట్టకారుతో నొక్కేయాలి. చేపని తాకే ముందు చేతులు తడుపుకోవాలి, లేకపోతే దాని ఒంటి జిగురు ఊడిపోతుంది. ఇవన్నీ విని మామయ్యగారు "చేపని పట్టి దండం పెట్టి పంపాలన్నమాట" అన్నారు. ఎరగా ఇచ్చింది చూసి ఇంకా నవ్వారు. నిమ్మకాయంత రాగి ముద్దలు! నాది అనంతపురం. "మీ సంకటి చేపలకి కూడా పెడుతున్నార్రా" అన్న మాట పడక తప్పలేదు.

ఇంత పట్టింపు ఎందుకో అక్కడి గాలం కుర్రాడు చెప్పాడు. మూపురం ఉన్న కావేరి మహసీరు అనే పెద్ద చేప ఈ నదీ పరివాహకంలో తప్ప ఎక్కడా లేదు. 1946లో కావేరి ఉపనది కబినిలో పట్టినది 120 పౌన్లు, అంటే 54 కిలోల పైన. ఇప్పుడది అంతరించే అంచున ఉంది. 1970ల నుంచి మహారాష్ట్రలోని లోనావాలా హాచరీ, అంటే చేపపిల్లల్ని పెంచే కేంద్రం, నుంచి పిల్లల్ని తెచ్చి వదిలారు. అది మహసీరులోనే నీలిరెక్కల జాతి. మంచికని చేసిన పనే, కానీ అసలు జాతి చోటు అది ఆక్రమించింది.

రెండు రోజుల ఖర్చు చెబుతాను. రానూపోనూ 470 కిలోమీటర్లకి పెట్రోలు 3,200. కాఫీ తోటలో హోమ్‌స్టే మనిషికి రోజుకి 2,500, భోజనంతో. గది పాతదే, గీజరు సతాయించింది, కానీ ఆ పందికూర, కడుబులనే బియ్యపు రవ్వ ఉండలు తిన్నాక ఎవరికీ ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు. రాడ్డు, రీలు కొత్తవి 2,800. అది దండగ. అక్కడ అద్దెకి దొరికేవి మా దానికంటే గట్టివి. కుర్రాడికి విడిగా ఇచ్చుకోవాలి, అందులో మాత్రం బేరం వద్దు. నీళ్లు ఎక్కడ లోతో, ఏనుగులు ఏ దారిన దిగుతాయో తెలిసింది అతనికే.

మొదటి రోజు ఏమీ పడలేదు. రెండో రోజు సాయంత్రం మామయ్యగారి తీగ ఒక్కసారి రీలు మీద కేక పెట్టింది. పావుగంట లాగితే వచ్చింది, రెండు కిలోల నీలిరెక్క. గోదావరిలో బొచ్చెలు, శీలావతులు పట్టిన చేతులు వణికాయి. నీళ్లల్లోనే పట్టుకుని ఫోటో తీయించుకుని, ఇంకాసేపు పట్టుకుని, వదిలారు. నాకు రెండు రోజులూ ఖాళీ గాలమే.

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఈ తంటా అంతా వద్దు. నగరం చుట్టుపక్కల డబ్బు కట్టి గాలం వేసే ప్రైవేటు కుంటలున్నాయి. పట్టింది కిలో లెక్కన తూచి ఇస్తారు. తిలాపియా, బొచ్చె ఇట్టే పడతాయి. ఆదివారం మాత్రం సంతలా ఉంటుంది.

తిరుగు దారిలో మండ్య దగ్గర మామయ్యగారు కారు ఆపమన్నారు. రోడ్డు పక్క దుకాణంలో రెండు కిలోల బొచ్చె కొని, అత్తయ్యకి ఫోన్ చేసి, "రేపు పులుసు పెట్టు, చేప నేనే పట్టాను" అన్నారు. నేను నోరు మెదపలేదు.