సత్యనారాయణ వ్రతానికి యాప్‌లో పురోహితుణ్ణి బుక్ చేశాం: యాప్‌కి రెండు స్టార్లు, పంతులుగారికి ఐదు

ముందు యాప్ సంగతి చెప్పేస్తాను. సామగ్రితో సహా ప్యాకేజీ అన్నారు, తీరా సంచి విప్పితే తమలపాకులు వాడిపోయి ఉన్నాయి, ఒక కొబ్బరికాయ కుళ్లింది, కలశం మీదికి జాకెట్టు ముక్క లేనే లేదు. ఫోన్ చేస్తే రేపు పంపిస్తామన్నారు, పూజేమో ఇవాళ! గంటలో ముగించే ప్యాకేజీ ఇంకొకటి ఉంది, అందులో కథలు క్లుప్తంగా చెబుతారట. ఐదు కథలూ కూర్చుని వినడమే కదా వ్రతం, అది చూసి నిజంగా బాధేసింది.

మా వారు మొదటినుంచీ మనసులో దండం పెట్టుకుంటే చాలదా అనే మనిషి. నేనూ గట్టిగా కాదనలేను, చిన్నప్పుడు పీటల పక్కన కూర్చుని అక్షతలు ఎప్పుడు వేయమంటారా అని చూడటమే నాకు తెలిసిన వ్రతం.

వచ్చిన పంతులుగారు చిన్నవాడే. సంకల్పం దగ్గర ఆగి, "శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే అంటే మన హైదరాబాదేనండి, ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానా గోత్రం వాళ్లం ఈ పని తలపెట్టామని మీరు మీ నోటితో చెప్పాలి, నేనొక్కణ్ణే చెబితే అది నా సంకల్పం అవుతుంది" అన్నారు. మా వారు ఫోన్ పక్కన పెట్టేశారు.

కథలు కూడా హడావుడి లేకుండా తెలుగులో చెప్పారు. కట్టెలమ్ముకునేవాడు ఆ రోజు చేతికొచ్చిన డబ్బుతోనే వ్రతం చేస్తాడు. అడవిలో మర్రిచెట్టు కింద గొల్లవాళ్లు తమకు తోచినట్టు పూజ చేసుకుని ప్రసాదం ఇస్తే తుంగధ్వజ మహారాజు అహంకారంతో ముట్టుకోడు, సర్వం పోగొట్టుకుంటాడు. అదే షావుకారు కూతురు కళావతి, మొగుడొచ్చాడన్న తొందరలో ప్రసాదం తినకుండా పరుగెత్తినందుకు అతనున్న ఓడ మాయమైపోతుంది. అంటే ఆర్భాటం అక్కర్లేదనేదీ ఆ కథే, చేతిలో పెట్టిన ప్రసాదాన్ని తేలిగ్గా చూడకూడదనేదీ ఆ కథే! ఇన్నేళ్లుగా వింటున్నా నాకిది తట్టలేదు, ఎందుకంటే ఎవరూ ఇంత నిదానంగా చెప్పలేదు. మనసు, తంతు అని మేం ఇంట్లో విడదీసి వాదించుకుంటున్నాం గానీ, ఆ రెండు గంటలూ నా చేతులు ఏం చేస్తున్నాయో మనసుకి తెలుస్తూనే ఉంది.

దక్షిణ ప్యాకేజీలోనే కలిసిందట, అందులో ఆయనకి ఎంత ముడుతుందో యాప్‌లో ఎక్కడా లేదు. తాంబూలంలో విడిగా పెట్టాం, మీరూ పెట్టండి. వచ్చే కార్తీకంలో పంతులుగారిని మళ్లీ పిలుస్తాం, సామాన్లు మాత్రం మోండా మార్కెట్‌కి వెళ్లి మేమే తెచ్చుకుంటాం.