పాత ల్యాప్‌టాప్‌కి ఎంఎక్స్ లినక్స్ 23: ఎక్కడ నెగ్గుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందు తరాల ప్రాసెసర్లను దాదాపుగా వేటినీ విండోస్ 11 ఒప్పుకోదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోయినా ఒప్పుకోదు. ఐ3, ఐ5 మూడో తరం, నాలుగో తరం యంత్రాలు 4 జీబీ ర్యామ్‌తో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఇంకా బోలెడున్నాయి. వాటిలో విండోస్ బదులు వేసుకునే లినక్స్ డిస్ట్రో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) కోసం వెతికేవాళ్లకి లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న మింట్), యాంటీఎక్స్, పప్పీ, ఎంఎక్స్ పేర్లు ముందుగా తగులుతాయి. డిస్ట్రోల వివరాలిచ్చే డిస్ట్రోవాచ్ సైటు పట్టికలో ఎంఎక్స్ ఏళ్ల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. కానీ ఆ పట్టిక లెక్కపెట్టేది ఆ సైటులో ఎంఎక్స్ పేజీ తెరిచినవాళ్లను, ఎంఎక్స్ వాడుతున్నవాళ్లను కాదు. దాన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దు.

‘ఏది తక్కువ ర్యామ్ తింటుంది’ అన్న పోటీ కూడా పెద్దగా పనికిరాదు. ఎంఎక్స్ ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పైకి వచ్చేసరికి సుమారు 700 ఎంబీ వాడుకుంటుంది. యాంటీఎక్స్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. ఇంతలో బ్రౌజర్‌లో మెయిల్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్ తెరిస్తే ఒకటిన్నర జీబీ ఇట్టే పోతుంది. 2 జీబీ యంత్రం అయితే యాంటీఎక్స్ పెట్టుకోండి, అక్కడ ప్రతి ఎంబీ విలువైనదే. 4 జీబీ దగ్గర మాత్రం ఆ తేడా రెండు ట్యాబులతో సరి. వేగం కావాలంటే తిరిగే హార్డ్‌డిస్క్ తీసేసి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయండి. ఏ డిస్ట్రో మార్చినా అంత తేడా రాదు.

మరి ఎంఎక్స్ ఎందుకంటే, ఏదైనా చెడితే బాగుచేసుకునే సామాను అంతా లోపలే ఉంది. డెబియన్ 12 అనే మరో డిస్ట్రో మీద కట్టినది కాబట్టి పునాది గట్టిది, డెబియన్ 12కి దీర్ఘకాల భద్రతా అప్‌డేట్లు 2028 జూన్ దాకా వస్తాయి. ఎంఎక్స్ టూల్స్‌లో బూట్ రిపేర్, ప్యాకేజీ ఇన్‌స్టాలర్, ట్వీక్ ఉన్నాయి. అన్నిటికన్నా ఉపయోగపడేది స్నాప్‌షాట్. మీరు అమర్చుకున్న సిస్టమ్ మొత్తాన్ని, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులతో సహా, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చేసుకునే ఒక ఐఎస్‌ఓ ఫైలుగా మార్చేస్తుంది. ఒక స్కూలు ల్యాబులో ఇరవై యంత్రాలుంటే ఒకదాన్ని సిద్ధం చేసి, అకౌంట్లు రీసెట్ చేసే ఆప్షన్‌తో స్నాప్‌షాట్ తీసి, మిగతావాటికి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకోవచ్చు. లుబుంటులో గానీ మింట్‌లో గానీ ఈ పని చేసే సాధనం వెంట రాదు.

ఎక్కించేటప్పుడు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. బయోస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగులు) సెక్యూర్ బూట్ అనే తాళాన్ని ఆపేయాలి, 23కి ఇది తప్పనిసరి. విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు ముందు అందులో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు ఆ డ్రైవ్‌లో లినక్స్ రాయలేదు, చదవడం వరకే. యంత్రం లేచే పద్ధతులు రెండు, పాతది లెగసీ, కొత్తది యూఈఎఫ్‌ఐ. విండోస్ లెగసీ మోడ్‌లో ఉంటే పెన్‌డ్రైవ్‌ని కూడా అదే మోడ్‌లో లేపాలి, ఒకటి యూఈఎఫ్‌ఐ, ఒకటి లెగసీ అయితే బూట్ మెనూలో రెండోది కనపడదు. తర్వాత విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతే కంగారు పడొద్దు. లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమనుకుంటుంది. ఎంఎక్స్ డేట్ అండ్ టైమ్‌లో దాన్ని లోకల్ టైమ్‌కి మారిస్తే సరిపోతుంది.

వైఫై దగ్గర ఇంటెల్, ఎథెరోస్ చిప్‌లకి సాధారణంగా చింత లేదు. బ్రాడ్‌కామ్ 43142 లాంటివాటికి విడి డ్రైవర్ కావాలి, కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) మారినప్పుడల్లా అది దానికి తగ్గట్టు మళ్లీ కంపైల్ అవ్వాలి. అప్‌డేట్ తర్వాత వైఫై మాయమైతే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపండి. ఆ మెనూలోనే సిస్టమ్‌డీతో (లినక్స్ లేచేటప్పుడు సేవలన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రాం) లేపే దారి కూడా ఉంది. ఎంఎక్స్ 23 మామూలుగా సిస్‌వీ ఇనిట్ అనే పాత ప్రోగ్రాంతో లేస్తుంది, స్నాప్ అనే రకం ప్యాకేజీలు (పైన చెప్పిన స్నాప్‌షాట్ వేరు) అందులో పనిచేయవు.

యూట్యూబ్ ఆగి ఆగి ఆడుతుంటే తప్పు డిస్ట్రోది కాదు. యూట్యూబ్ ఇప్పుడు వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల్లో వీడియో పంపుతుంది. రెండు, మూడు తరాల ఇంటెల్ గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ పాత పద్ధతి హెచ్.264ని విప్పగలదు గానీ వాటిని విప్పలేదు, ఆ భారం ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ హోరెత్తుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఇఫై ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్.264 పంపుతుంది. 720పీ హాయిగా ఆడుతుంది, ఫ్యాన్ సద్దుమణుగుతుంది.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ప్యాకేజీ ఇన్‌స్టాలర్‌లో లోహిత్ తెలుగు గానీ నోటో గానీ ఫాంట్ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక భారతీయ కీబోర్డ్) తెలిసినవాళ్లకి కీబోర్డ్ సెట్టింగుల్లోనే లేఅవుట్ ఉంది. ఇంగ్లిష్ కీలతో ఆర్‌టీఎస్ పద్ధతిలో (ఉచ్చారణ ప్రకారం) కొట్టేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాధనం, దాని ఎం17ఎన్ భాగం రెండూ వేసుకుని, లాగవుట్ అయి మళ్లీ రావాలి. అది చేయకపోతే భాష జాబితాలో కనపడదు.

పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ షాపులకి దీన్ని చెప్పను. అవి విండోస్ సామాను, పాత ఫైళ్లన్నీ వాటిలోనే ఉంటాయి. కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉన్న ఆఫీసులు కూడా ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్క్‌లో ఎక్కించకుండానే నడిపేది) లేపి ఒక పేజీ ప్రింట్ తీసి చూడాలి, దాని క్యాప్ట్ డ్రైవర్ హెచ్‌పీ ప్రింటర్లంత సులువుగా కుదరదు. 32 బిట్ యంత్రాలకీ ఎంఎక్స్ 23లో ఐఎస్‌ఓ ఉంది గానీ, ఫైర్‌ఫాక్స్ 145 నుంచి 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది, క్రోమ్ 2016లోనే వదిలేసింది. వాటిని బ్రౌజింగ్‌కి కాకుండా టైపింగ్‌కి, పాటలకి వాడుకోండి.