ఎర్త్‌సీ: చదివేకొద్దీ లోతు పెరిగే నవలలు

ఫాంటసీ నవలలు వరుసగా వెలువడినప్పుడు చాలాసార్లు మొదటి పుస్తకమే అన్నిటికన్నా బాగుంటుంది. తరువాతి వాటిలో యుద్ధాలూ రాజ్యాలూ పేజీలూ పెరుగుతాయే తప్ప కథ అక్కడక్కడే తిరుగుతుంది. ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ పుస్తకాలు ఆరింటినీ ఏళ్ల తరబడి చదువుతూ వచ్చాక, ఇవి ఆ కోవకు చెందవని గట్టిగా చెప్పగలను. ఇక్కడ ప్రతి కొత్త పుస్తకమూ పాత పుస్తకం పట్టించుకోకుండా వదిలేసిన మనిషి దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి అదే లోకాన్ని మళ్లీ చూస్తుంది.

1968లో వచ్చిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ గాంట్ దీవిలో మేకలు కాసిన గెడ్ అనే కుర్రవాడు మాంత్రికుడైన కథ. ప్రతిదానికీ ఒక అసలు పేరుంటుందనీ, అది తెలిసినవారికే దానిపై అధికారం దక్కుతుందనీ ఆ లోకపు నియమం. కథనం బిగువుగా ఉంటుంది, అయితే అందులో స్త్రీలకు చోటు తక్కువ. ఆడవాళ్ల మంత్రం బలహీనమైనదనీ చెడ్డదనీ చెప్పే గాంట్ సామెతకు ఆ పుస్తకంలో ఎవరూ ఎదురు చెప్పరు.

1971 నాటి ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’లో కథ టెనార్ అనే బాల పూజారిణి చేతికి వస్తుంది. సమాధుల కింది గుహలో దీపం వెలిగించడం నిషేధం కనుక, తన ఏలుబడిలోని ఆ చోటును ఆమె చేతి స్పర్శతోనే, అడుగుల లెక్కతోనే ఎరుగును. ఒకనాడు గెడ్ మంత్రదండం చివర వెలుగు కనబడుతుంది. ఇన్నాళ్లూ తాను తడుముకుంటూ తిరిగిన గోడలు స్ఫటికాలతో మెరుస్తున్నాయని ఆమె తొలిసారి చూస్తుంది. ఎన్నిసార్లు చదివినా ఆ పేజీ దగ్గర నేను ఆగిపోతాను. మరుసటి ఏడాది వచ్చిన ‘ది ఫార్దెస్ట్ షోర్’ మృత్యువు గురించిన గంభీరమైన నవల. దాని సముద్రయానంలో నడక మందగించే మాట నిజమే గాని, చివరి పుస్తకానికి పునాది అదే.

పద్దెనిమిదేళ్ల విరామం తరువాత, 1990లో ‘టెహాను’ వచ్చింది. నా లెక్కలో వీటన్నిటికీ శిఖరం ఇదే. టెనార్ ఇప్పుడు భర్త పోయిన నడివయసు రైతు ఇల్లాలు. గెడ్ మంత్రశక్తినంతా పోగొట్టుకుని వచ్చి మళ్లీ మేకల వెంట వెళతాడు. అయినవాళ్లే నిప్పుల్లో తోసిన ఒక పసిపిల్లను టెనార్ పెంచుకుంటుంది. ముఖంలో ఒక పక్క కాలి, ఒక కన్ను పోయి, కొత్తవారు రాగానే చాటుకు తప్పుకునే ఆ పిల్లను ఊరు ఏ చూపుతో చూస్తుందో రచయిత్రి ఎక్కడా గొంతు పెంచకుండా రాశారు. మొదటి పుస్తకంలోని సామెతకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. సాహసాల కోసం వచ్చినవారికి ఇది నెమ్మదిగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది చదివాకే వెనకటి మూడు పుస్తకాలూ పూర్తిగా అర్థమయ్యాయి.

2001లో వచ్చిన ‘ది అదర్ విండ్’లో పగిలిన కుండలు అతికే ఆల్డర్‌కు, చనిపోయిన భార్య కలలో కనబడుతుంది. మూడో పుస్తకం తిరుగులేనిదిగా చూపిన మృతుల లోకం అసలు అలా ఎందుకుందని ఈ నవల అడుగుతుంది. తాను కట్టిన లోకపు పునాదినే మళ్లీ తవ్వి చూసే ధైర్యం రచయితల్లో అరుదు.

కాశీమజిలీ కథలతోనూ చందమామ సీరియళ్లతోనూ పెరిగిన మన పాఠకులకు కథలో కథా, మజిలీకొక వింతా అలవాటే. ఆ కథలు సంఖ్యలో విస్తరిస్తాయి, ఆ ఆనందం వేరు. ఎర్త్‌సీ అంతగా విస్తరించదు, లోతుకు దిగుతుంది.

విజయవాడలో విడి ప్రతుల కోసం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో వెతకవచ్చు గాని, ఆరూ ఒకే చోట దొరుకుతాయని ఆశించకూడదు. చార్లెస్ వెస్ బొమ్మలతో 2018లో వచ్చిన ఏక సంపుటి దాదాపు వెయ్యి పేజీలు. బొమ్మలు అద్భుతం, కాని ఆ బరువును పడుకుని చదవడం కుదరదు, బల్ల మీద పెట్టుకోవలసిందే. ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ కథల సంపుటమే కదా అని దాటవేయకండి. అందులోని ‘డ్రాగన్‌ఫ్లై’ కథానాయిక చివరి నవలలో ముఖ్యపాత్ర కనుక, ‘ది అదర్ విండ్’ కంటే ముందే దానిని చదవాలి.