కొత్త స్ట్రెయిట్ రేజర్: పెట్టెలోంచి తీసిన పదును గెడ్డానికి సరిపోతుందా?

నాకైతే సరిపోలేదు. పిడిలోకి మడిచే ఈ మంగలికత్తి చేతికొచ్చిన రోజున కాగితాన్ని చక్కగా చీల్చింది, ముంజేతి మీది వెంట్రుకల్ని గొరిగేసింది. తీరా చెంప మీదికొచ్చేసరికి వెంట్రుకల్ని కొయ్యడం మాని పట్టి లాగడం మొదలెట్టింది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క కంపెనీ సంగతి కాదు. కత్తి వివరాలు మాత్రం చెబుతాను: కార్బన్ స్టీలు, 5/8 అంగుళం వెడల్పు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, ఫుల్ హాలో గ్రైండు (రెండు పక్కలా లోపలికి గుల్లగా అరగదీసింది), గుండ్రటి ముక్కు, అంటే కత్తి చివర. కొత్తవాళ్లకి ఎవరైనా చెప్పేది ఈ రకమే. పెట్టె మీద ‘షేవ్ రెడీ’ అని కూడా అచ్చేసి ఉంది. కత్తులకి పేరుపడ్డ జర్మన్ ఊరు జోలింగెన్ పేరు కత్తి మీద ఊరికే చెక్కాలంటే జర్మనీలో 1938 నుంచీ చట్టం అడ్డుంది. షేవ్ రెడీ అనడానికి అలాంటి అడ్డేమీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు.

అసలు సంగతి పదింతలు పెంచి చూపించే భూతద్దం లాంటి లూప్‌లో బయటపడింది. కత్తివాదరని పైకి పెట్టి దీపం కింద చూస్తే, బాగా పదునున్నచోట ఏమీ కనబడదు. వెలుతురు పడి మెరవడానికి తగినంత వెడల్పు అక్కడ ఉండదు మరి. నా కత్తికి మడమ (పిడి వైపు కొస) నుంచి సగం దాకా అలాగే ఉంది. అక్కణ్ణుంచి ముక్కు వరకూ మాత్రం సన్నటి తెల్లగీత ఆగి ఆగి మెరుస్తోంది. పక్కకి తిప్పి చూస్తే, సాన పట్టిన చార మడమ దగ్గర వెడల్పుగా మొదలై ముక్కు దగ్గరికొచ్చేసరికి దారప్పోగంత అయిపోయింది. అంటే రాయి అక్కడి దాకా సరిగ్గా అందలేదన్నమాట. చెంప మీద మడమ వైపుతో గీసినప్పుడు ఫర్వాలేదనిపించిన కత్తే, పైపెదవి మీద ముక్కుతో గీస్తే కళ్లలో నీళ్లు తెప్పించడానికి కారణం అదే.

ఇందులో కొత్తవాళ్లకి ఉన్న అసలు ఇబ్బంది ఏమిటంటే, తప్పు చేతిదా కత్తిదా అన్నది తెలియదు. చర్మానికీ కత్తికీ మధ్య వాటం 30 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. పదును చాలనప్పుడు ఆ వాటంలో వెంట్రుక తెగదు. తెగలేదని మనిషి కత్తిని ఇంకాస్త నిలబెడతాడు, ఆపైన కొంచెం నొక్కుతాడు. చర్మం తెగేది అక్కడే. గాయమయ్యాక తనకి చెయ్యి తిరగలేదనుకుని కత్తిని సొరుగులో పడేస్తాడు. నిజంగా పదునున్న కత్తికి నొక్కుడు అక్కర్లేదు, దాని బరువు చాలు. అందుకే ‘కొత్తవాళ్లకి కాస్త పదును తక్కువున్నా మంచిదే’ అనే సలహా నాకు ఒంటికి పడదు.

నేను కత్తిని సాన పట్టడం తెలిసినవాళ్ల చేతికిచ్చాను. 1000 గ్రిట్ (రాయి గరుకుని చెప్పే అంకె, పెరిగేకొద్దీ నునుపు) రాయి మీద చారని మొదటి నుంచీ సరిచేసి, 4000, 8000 దాటించి 12000తో ముగించారు. కత్తి వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించే రుద్దుతారు కాబట్టి కోణం దానంతటదే కుదురుతుంది, వంటింటి కత్తికిలా చేత్తో పట్టి నిలబెట్టే పని లేదు. అయినా మొదట్లోనే రాళ్లు కొనమని ఎవరికీ చెప్పను. పదునున్న కత్తి ఎలా ఉంటుందో ముఖానికి తెలియకుండా రాయి మీద దేనికోసం రుద్దుతాం?

తిరిగొచ్చాక తలవెంట్రుకని ఒక కొస పట్టుకుని వాదర మీదికి దించితే, లాగకుండానే టప్పున తెగింది. ఇంతకుముందు ఆ వెంట్రుక వాదర మీద వంగి జారిపోయేది. ఈ పరీక్ష అందరి జుట్టుకీ ఒకేలా పలకదు, సన్నజుట్టువాళ్లకి మంచి కత్తి కూడా ఫెయిలవుతుంది. ముఖం మీద తేడాకి మాత్రం వంక పెట్టలేం. చెంప మీద సన్నగా సరసరమనే చప్పుడు, లాగుడు లేదు, గెడ్డం కింద అడ్డదిడ్డంగా మొలిచేచోట కూడా ఒక్క గీతకే శుభ్రం.

ఆ పదుని నిలబెట్టేది తోలు పట్టీ, పోగొట్టేదీ అదే. కత్తిని దాని మీద ఆడించేటప్పుడు వెన్ను ముందు నడవాలి, చివర్న కత్తిని వెన్ను మీదే దొర్లించి తిప్పాలి. వాదర ముందు తిప్పితే ఒక్క దెబ్బకి వంకర తిరుగుతుంది. వెంట్రుక కన్నా ఉక్కు ఎన్నో రెట్లు గట్టిది కదా, ఎందుకు మొద్దుబారుతుందని నాకూ అనుమానం ఉండేది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు బ్లేడ్లని మైక్రోస్కోపు కింద పెట్టి, 2020లో సైన్స్ పత్రికలో దానికి జవాబు రాశారు. వెంట్రుక వాలి తగిలినప్పుడు, ఉక్కులో లోపలి అల్లిక సమంగా లేనిచోట చిన్న చిన్న పెచ్చులు ఊడతాయట. గెడ్డాన్ని వేడినీళ్లతో బాగా నానబెడితే కత్తి ఎక్కువ రోజులు రావడం నేను చూస్తూనే ఉన్నాను. గడ్డం మొన దగ్గర లాగుడు మొదలైతే క్రోమియం ఆక్సైడ్ పచ్చపేస్టు రాసిన పట్టీ మీద నాలుగు సార్లు ఆడిస్తాను, మళ్లీ దారికొస్తుంది. రాయి దాకా వెళ్లే అవసరం చాలా అరుదు.

బ్లేడు మార్చుకునే షావెట్‌తో మొదలెట్టొచ్చా అని అడుగుతుంటారు. పదును ఎలా ఉండాలో తెలుసుకోవడానికి అంతకన్నా తేలిక దారి లేదు, అందులో ఎప్పుడూ కొత్త బ్లేడే. కాకపోతే అది తేలిగ్గా ఉండి చేతికి నిలకడ ఇవ్వదు, వాటం కాస్త తప్పినా ఊరుకోదు. దాని మీద చెయ్యి కుదిరినవాళ్లకి నిజమైన కత్తి మెత్తగా అనిపిస్తుంది.

కొనేముందు అమ్మేవాళ్లని ఒక్కటే అడగండి: ఫ్యాక్టరీ పదునా, లేక విడిగా ఎవరైనా చేత్తో సాన పట్టారా, పడితే ఏ గ్రిట్ దాకా? దీనికి తిన్నగా జవాబు చెప్పేవాళ్ల దగ్గర నాలుగు డబ్బులు ఎక్కువైనా కొనొచ్చు.

కత్తిగా చూస్తే నాకు ఇంకే పేచీ లేదు. ఉక్కు మంచిది, పదుని బాగా నిలుపుకుంటోంది. తడి మిగిలితే మాత్రం తుప్పుకి రెడీగా ఉంటుంది, అందుకే తుడిచి పల్చగా నూనె రాస్తాను. పిడి దగ్గరున్న పిన్ను ఈమధ్య కొంచెం వదులై, మూసేటప్పుడు వాదర పిడి లోపలి అంచుకి తగలబోతోంది. ప్రస్తుతానికి చూసుకుని మూస్తున్నాను, పిన్ను బిగించాలి.