జాగ్రత్త: ఖరీదైన నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

పెట్టె మీద ‘50 డెసిబెల్స్ వరకు శబ్దం తగ్గిస్తుంది’ అని కనిపిస్తే ఆ ‘వరకు’ అన్న మాట దగ్గర ఆగండి. చెవి చుట్టూ ఉండే మెత్తని కుషన్ ఎక్కడా సందు లేకుండా అతుక్కున్నప్పుడు, ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ అంకె అది. మీ తలకి, మీ కళ్లజోడుకి అదే వస్తుందన్న హామీ ఏమీ లేదు. రెండు మంచి మోడళ్ల మధ్య ఎటూ తేల్చుకోలేక ఈ అంకె చూసి డబ్బు కట్టేస్తే, తర్వాత బాధపడేది శబ్దం గురించి కాదు, ముందు అడగని మిగతా విషయాల గురించి.

అసలు ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్) చేసేది ఇంతే. బయటి మైకు వచ్చే మోతను వింటుంది, లోపలి మైకు చెవి దగ్గర ఇంకా ఏం మిగిలిందో వింటుంది, చిప్ దానికి తలకిందులైన అలను స్పీకర్‌లోంచి వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 100 హెర్ట్జ్ మోతకు అల పొడవు సుమారు 3.4 మీటర్లు కాబట్టి మైకుకీ చెవికీ మధ్య ఉన్న కాస్త దూరం లెక్కలోకి రాదు. 5,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అల 7 సెంటీమీటర్లే. అక్కడ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాకే లెక్క తప్పుతుంది, తగ్గాల్సిన శబ్దం ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అందుకే ఏఎన్‌సీ ప్రతాపమంతా దాదాపు 1,000 హెర్ట్జ్ కిందే. ఆ పైన ఆపేది కుషనూ, చెవిని మూసే కప్పూ మాత్రమే. విమానం ఇంజిను హోరు, బస్సు గుర్రుమోత, ఏసీ రొద మాయమవుతాయి. పసిబిడ్డ ఏడుపు, హారన్, పక్క బల్ల మీది కబుర్లు తగ్గుతాయి గానీ పోవు. పైగా అడుగున ఉన్న హోరు పోవడంతో అవి ఇంకా స్పష్టంగా తేలతాయి. మాటలు వినిపిస్తున్నాయని పీసు పాడైందనుకుని మార్చి తెచ్చుకుంటే, కొత్త పీసులోనూ అవే మాటలు వినిపిస్తాయి.

ఇంకో మాయ అక్షరాల్లో ఉంది. ఏఎన్‌సీ మీ చెవుల కోసం. ఈఎన్‌సీ అవతలివాళ్ల కోసం, అంటే కాల్‌లో మీ మైకు పట్టే చుట్టుపక్కల గోలను తగ్గించడానికి. ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని పెద్దక్షరాల్లో వేసి, కింద చిన్నగా ఈఎన్‌సీ అని మాత్రమే రాసి ఉంటే అది మీరు వెతుకుతున్న వస్తువు కాదు.

ఇక అసలు తంటా అంతా సందుతోనే. కుషన్‌కీ చర్మానికీ మధ్య చిన్న ఖాళీ ఉన్నా ముందు పోయేది బేస్ (పాటలోని లోతైన మోత), దాంతోపాటే ఏఎన్‌సీ. కళ్లజోడు కాడలు, దట్టమైన జుట్టు, పెద్ద చెవిపోగులు, చెవి వెనక దవడ దగ్గర ఉండే పల్లం, ఇవన్నీ సందు చేసేవే. పరీక్ష సులువు. ఫోనులోనో స్పీకర్లోనో విమానం లోపలి హోరు నిలకడగా ప్లే చేసి, హెడ్‌ఫోన్లు తొడిగి, పాట లేకుండా ఏఎన్‌సీ ఒక్కటే ఆన్ చేయండి. కప్పుల అంచులు పట్టుకుని రెండువైపులా తల వైపు మెల్లగా నొక్కండి. అరచేతులతో మైకు రంధ్రాలు మూయకండి, కూత వస్తుంది, లెక్క తప్పుతుంది. నొక్కగానే హోరు బాగా తగ్గిందంటే ఆ మోడల్ మీ తలకి కుదరలేదని అర్థం. కళ్లజోడు తీసి మళ్లీ చూడండి. తీస్తే బాగుండి, పెడితే పాడైతే సన్నని కాడల ఫ్రేము గానీ, మెత్తగా లోతుగా ఉన్న కుషన్ల మోడల్ గానీ చూసుకోవాలి. దవడ ఆడించినప్పుడు, నడిచినప్పుడు గుప్ గుప్‌మని మోత రావడం కూడా చాలావరకు ఇందువల్లే. కానీ మీరు కదలకుండా కూర్చున్నా ఒక్క పక్క మాత్రమే చిటపటలాడితే, లేదా నిశ్శబ్దమైన గదిలో ఒక చెవిలోనే ‘స్స్’ ఎక్కువగా ఉంటే అది లోపమే. మార్పించండి. రెండు చెవుల్లో సమానంగా సన్నని ‘స్స్’ మామూలే.

ఆఫీసు కాల్స్ కోసం కొనేవాళ్లకి అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. మామూలు బ్లూటూత్ ఒకేసారి మంచి స్టీరియోనీ, మైకునీ మోయలేదు. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలై హెడ్‌ఫోన్ మైకు ఆన్ కాగానే లింకు హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారిపోతుంది. శబ్దం మోనో అవుతుంది, శాంపుల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) 16 కిలోహెర్ట్జ్‌కి, పాత పద్ధతైతే 8కి పడిపోతుంది. అంత ఖరీదు పెట్టి కొన్నది డొక్కు ఫోను రిసీవర్‌లా వినిపిస్తుంది. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, మామూలు బ్లూటూత్ ఉన్నంతవరకు ఏ మోడల్ మార్చినా పోదు. సులువైన విరుగుడు ఒకటే: సౌండ్ సెట్టింగ్స్‌లోనూ, మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లోనూ మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకునో, విడి యూఎస్‌బీ మైకునో ఎంచుకోండి. హెడ్‌ఫోన్లు వినడానికే ఉంచండి. ల్యాప్‌టాప్‌లోనూ హెడ్‌ఫోన్లలోనూ రెండువైపులా ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఉంటే ఈ గొడవ తగ్గుతుంది, కానీ ‘రెండువైపులా’ అన్నదే మెలిక.

కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) గురించి జరిగేంత గొడవ దానికి అక్కర్లేదు. ఐఫోన్‌లో ఎల్‌డాక్ అనే సోనీ కోడెక్ లేదు, కాబట్టి ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డాక్ కోసం డబ్బు ఎక్కువ పెట్టడం దండగ.

మోడళ్ల వారీగా ముందు తెలియక నాలుక్కరుచుకునేవి కొన్ని. 2022లో వచ్చిన సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 కప్పులు తిరుగుతాయి గానీ లోపలికి మడతపడవు, కాబట్టి సంచిలో చోటు ఎక్కువ తింటుంది. 2025లో వచ్చిన ఎక్స్‌ఎం6కి మడత మళ్లీ వచ్చింది. ఎక్స్‌ఎం5 యూఎస్‌బీ-సీ చార్జింగ్‌కి మాత్రమే, దాంట్లోంచి పాట రాదు. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌కి పవర్ బటన్ లేదు. బ్యాటరీ అయిపోతే ఆడియో వైరు పెట్టినా పలకదు. బరువు 385 గ్రాముల దాకా, ఎక్స్‌ఎం5 అయితే సుమారు 250. కొట్లో ఐదు నిమిషాలు పెట్టుకుంటే ఈ తేడా తెలీదు, రెండో గంటలో నడినెత్తికి తెలుస్తుంది. బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా మొదటి తరంలో హెడ్‌ఫోన్ వైపు సాకెట్ 2.5 మిల్లీమీటర్లది. దారిలో దాని వైరు పోతే మామూలు 3.5 వైరు దూరదు.

ఈ మోడళ్లలో దేనికీ నీటి రక్షణ రేటింగ్ లేదు. జిమ్ముకీ పరుగుకీ వాడి చెమట లోపలికి దిగితే వారంటీ అడిగినా లాభం ఉండదు. కుషన్ మీది పొర చాలా మోడళ్లలో కృత్రిమ తోలే. చెమటకీ నూనెకీ కొన్నాళ్లకి పెచ్చులు లేస్తుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి, స్పిరిట్ పూయకండి. మార్చాల్సి వచ్చినప్పుడు చౌక కుషన్లు వేస్తే మందం, స్పాంజి గట్టిదనం మారి ఏఎన్‌సీ లెక్కే చెడుతుంది. అందుకే కొనకముందే అసలు కుషన్లు విడిగా దొరుకుతాయో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ బేరంలో అయితే ముందు కుషన్లూ, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోందో, కప్పు తిప్పే కీలు దగ్గర వెంట్రుకంత పగులు ఉందేమో చూడాలి.

నకిలీల సంగతి. సీరియల్ నంబరు కంపెనీ సైటులో సరిపోయినంత మాత్రాన అసలుదని నమ్మకండి. ఒక అసలు పెట్టె నంబరునే వందల నకిలీల మీద అచ్చేస్తారు. ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌ని ఐఫోన్ దగ్గర పెట్టగానే తెర మీద దాని బొమ్మ రావడం కూడా సాక్ష్యం కాదు, దాన్నీ అనుకరిస్తున్నారు. కంపెనీకి సొంత యాప్ ఉంటే అందులో మోడల్ పేరు, ఫర్మ్‌వేర్ (హెడ్‌ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ కనబడి ఈక్వలైజర్ మారుతోందా చూడండి. తూకం వేయండి. చివరగా హోరు దగ్గర నిలబడి ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చేయండి. చాలా నకిలీల్లో ‘ఆన్’ అని గొంతు పలుకుతుంది, హోరు మాత్రం తగ్గదు.

పార్శిల్ విప్పేటప్పుడు సీల్ నుంచి సీరియల్ నంబరు దాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. మొదటి రోజు సందు పరీక్ష, కాల్ పరీక్ష. రెండో రోజు కళ్లజోడుతో ఏకబిగిన రెండు గంటలు. ఆ రాత్రి బ్యాటరీ శాతం రాసుకుని పక్కన పెట్టి, తెల్లారి ఎంత తగ్గిందో చూడండి. యాప్ అడిగిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఈ పరీక్షలన్నీ అయ్యాకే వేసి, ఒకసారి మళ్లీ హోరు దగ్గర పోల్చండి. వేశాక తేడా కనిపిస్తే వెనక్కి పంపే గడువు ఇంకా చేతిలో ఉండాలి.