ఏటి వైపు గది అన్నారు, కొబ్బరితోట చూపించారు: గోదారి డెల్టాలో ఫొటోల యాత్ర

కోనసీమలో ఒక లాడ్జీ. ‘రివర్ వ్యూ’ గదికి రోజుకి 2,400 రూపాయలు ముందే కట్టించుకున్నారు. బుకింగ్ పేజీ ఫొటోలో బాల్కనీ కిందే ఏరు, ఏటికి అడ్డంగా వరసగా కమాన్లు, పైన పొగమంచు. తీరా వెళ్లి కర్టెన్ జరిపితే కొబ్బరితోట, దాని ముందు జనరేటరు. మేనేజరు ఫోన్లోంచి తలెత్తకుండానే చెప్పాడు: “ఏరెందుకు కనపడదండీ? మేడ మీద ట్యాంకు పక్కన నిలబడితే కనపడుద్దండి.” మేడ మెట్లకి తాళం. తాళంచెవి ఉన్న కుర్రాడు ఏడింటికొస్తాడట. జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అంతకు ముందు అరగంట, తర్వాత అరగంట, ఫొటోకి పనికొచ్చే వెలుగు అంతే. ఏడు దాటాక కుర్రాడొస్తే ఏం, రాకపోతే ఏం?

గదిలో ఏసీకి రిమోట్ లేదు, 18 దగ్గర బిగించేశారు. డెల్టాలో ఇది చిన్న సంగతి కాదు. రాత్రంతా చల్లటి గదిలో ఉన్న లెన్సుని తెల్లారుజామున తేమగాలిలోకి తీస్తే గాజు మీద చెమ్మ పట్టేస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, అరగంట దాకా వదలదు. పడుకునే ముందే కెమెరాని జిప్ కవర్లో పెట్టి, గాలి పోయేలా నొక్కి మూసేయాలి. బయల్దేరే అరగంట ముందు ఏసీ ఆపాలి. కవరు బయటికొచ్చాక కూడా వెంటనే విప్పకూడదు, గాజు బయటి వేడికి రానివ్వాలి. ఏసీ ఆగని ఆ గదిలో కెమెరా కవరు బాత్‌రూంలో పడుకోవాల్సొచ్చింది.

ఇక పేజీలో ఫొటో. అది పి.గన్నవరం దగ్గర గోదారి పాయ వైనతేయ మీదున్న పాత అక్విడక్టు, అంటే ఏటి మీదుగా కాలవ నీళ్లు దాటించే వంతెన. లాడ్జీకి ఇరవై కిలోమీటర్ల పైమాటే. అందరూ వాడుకునేలా ఫొటోలు ఎక్కించే సైటు వికీమీడియా కామన్స్‌లో ఎవరో సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సు మీద పెట్టిన ఫొటో. ఆ లైసెన్సు ఉన్నదాన్ని వ్యాపారానికైనా వాడుకోవచ్చు. కాకపోతే తీసినవాళ్ల పేరు వేయాలి, లైసెన్సు లింకు ఇవ్వాలి, మార్పులు చేస్తే ఆ మాట చెప్పాలి, మార్చినదాన్ని అదే లైసెన్సు మీద పంచాలి. వీళ్లు పేరు ఎగరగొట్టి, మూలన లాడ్జీ పేరు అచ్చేసుకున్నారు. షరతు తప్పితే లైసెన్సు దానంతటదే రద్దవుతుంది. తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే తిరిగొస్తుంది. మీ ఫొటోకి ఈ గతి పడితే ముందు ఆ పేజీని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాతే ఉత్తరం రాయండి. ముందే రాస్తే పేజీ మాయమవుతుంది, ఆధారం ఉండదు.

డెల్టా ఫొటోలకి దొంగల కన్నా ఎక్కువ చేటు చేసేది తప్పుడు పేరు. రాజమండ్రిలో కమాను వంతెన మీద సూర్యాస్తమయం తీసి కింద ‘హేవలాక్ బ్రిడ్జి’ అని రాసేవాళ్లు కొల్లలు. హేవలాక్‌ది ఇనప గర్డర్ల వరస, ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచాయి, 1997లో ఆగాయి. దాని బదులు వచ్చిన కమాను వంతెన కాంక్రీటుది, 97.55 మీటర్లవి 28 ఖానాలు. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974ది, అది వేరే. పేరు తప్పుగా పెట్టిన ఫొటో ఒకటి నెట్లోకెక్కితే దాన్ని చూసి పదిమంది అదే రాస్తారు, పేపర్లోనూ పడుతుంది.

అందుకని కామన్స్‌లోకి ఎక్కించేటప్పుడు కొంచెం ఓపిక పట్టాలి. బయల్దేరే ముందే కెమెరా గడియారాన్ని ఫోనుతో సరిచూడండి. కెమెరాలో జీపీఎస్ లేకపోతే ప్రతి చోటా నిలబడ్డ జాగాలోనే ఫోనుతో ఒక ఫొటో తీయండి, అక్షాంశ రేఖాంశాలు దాంట్లోంచి ఎత్తి రాయొచ్చు. కామన్స్‌లో కెమెరా ఉన్న చోటు వేరు, కట్టడం ఉన్న చోటు వేరు. ఏటికి ఈవల నిలబడి ఆవలి గుడి తీసినప్పుడు రెండూ కలిపేస్తే మ్యాపులో గుడి నీళ్లలో తేలుతుంది. ఫైలుకి కెమెరా ఇచ్చిన నంబరు వదిలేయకుండా ఊరు, కట్టడం, ఏ దిక్కు నుంచి తీశారో పెట్టండి. తెలుగులో వివరణ తప్పనిసరిగా రాయండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపించుకుని అక్కణ్ణుంచి ఎక్కించకండి. కుదించేస్తుంది, తేదీ వివరాలూ తీసేస్తుంది. మన కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం కట్టడాల ఫొటోలు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాల ఫొటోలు తీసి ప్రచురించుకోవచ్చు. గోడల మీద కొత్తగా వేసిన రంగుల బొమ్మలకి ఆ వెసులుబాటు లేదు, చిత్రకారుడి హక్కు అలాగే ఉంటుంది. ఏటా సెప్టెంబరులో కట్టడాల ఫొటోలకి వికీ లవ్స్ మాన్యుమెంట్స్ పోటీ నడుస్తుంది. అప్పటికప్పుడు పరిగెత్తే కన్నా చలికాలంలో తీసి పెట్టుకోవడం మేలు, సెప్టెంబరులో ఇక్కడ వానలు.

రాజమండ్రిలో గొడవేం లేదు. పుష్కరాల రేవు నుంచి సాయంత్రం, ఆవలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రం నుంచి పొద్దున్న. ఏరు ఇక్కడ దక్షిణానికి పారుతుంది కాబట్టి రెండు పూటలా రెండు ఒడ్లూ పనికొస్తాయి. ధవళేశ్వరంలో ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడు మనం చూసేది తర్వాత కట్టిన బ్యారేజీ, నాలుగు ముక్కల్లో 175 గేట్లు. బ్యారేజీ మీద ట్రైపాడ్ పెట్టకండి, లారీ వెళ్తే వంతెనంతా అదురుతుంది, బొమ్మ చెదురుతుంది. కాటన్ మ్యూజియం చూసి ముందుకెళ్లండి.

తీరిగ్గా తీయాల్సింది పి.గన్నవరం. వైనతేయ మీదుగా నగరం లంకకి కాలవ నీళ్లు దాటించడానికి 1850ల తొలినాళ్లలో హేగ్ అనే ఇంజనీరు కట్టించిన అక్విడక్టు. 40 అడుగుల కమాన్లు 49. తర్వాత కట్టిన కొత్త అక్విడక్టుకి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అందరూ రోడ్డు మీద నిలబడి తీస్తారు, అక్కణ్ణుంచి గోడ తప్ప ఏం రాదు. ఒడ్డు దిగి, కట్టడానికి కాస్త ఏటవాలుగా నిలబడి, 70 నుంచి 135 మి.మీ. మధ్య లెన్సు వేస్తే కమాన్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరికొస్తాయి. వైడ్ లెన్సుతో దగ్గరివి రెండు పెద్దవైపోయి మిగతావి చీమల్లా పోతాయి. నీళ్లలో నీడ కావాలంటే పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) తీసేయండి, అది నీడనే మింగేస్తుంది. అదే వరిచేలో ఎండకి అడ్డంగా నిలబడ్డప్పుడు వేస్తే ఆకు మీద తెల్లటి మెరుపు పోయి పచ్చదనం తేరుతుంది.

మా బావ ఈ యాత్రకి వచ్చింది ఆత్రేయపురం పూతరేకుల కోసం, తాపేశ్వరం కాజా కోసం. తెల్లారుజామున నాలుగున్నరకి లేపితే ముక్తేశ్వరం దాకా నోరు విప్పలేదు. అమలాపురంలో ఓ ఇంటి మెస్సులో భోజనం ఆయన్ని మనిషిని చేసింది. 130 రూపాయలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందిపచ్చడి, ముక్కల పులుసు, కత్తితో కోయాల్సిన గడ్డపెరుగు. వడ్డించే పెద్దావిడ “మొహమాటపడకండి బాబూ, కూర ఇంకుంది” అంటూ విస్తరి ఖాళీ కానివ్వలేదు. పొట్టు సన్నగా, తడి లేకుండా పిండారు, ఆవ ఘాటు ముక్కు దాకా వచ్చి ఆగింది. 2,400 గదిలో దొరకని మర్యాద అక్కడ దొరికింది. బస కూడా అమలాపురంలోనే పెట్టుకోమంటాను. ఏటి ఒడ్డు రిసార్టు అన్న మాట నమ్మేకన్నా ఊళ్లో 1,200 గది తీసుకుని, కారుకి పెట్టుకోవడం మంచిది. కారు మాకు రోజుకి 3,200, డ్రైవరు బత్తా 300 విడిగా. నాలుగున్నరకి బయల్దేరాలని ముందే చెప్పండి. చెప్పకపోతే మర్నాడు ఆయన మొహం కూడా చూడాల్సొస్తుంది.

గుళ్లలో నా ఓటు బిక్కవోలుకి. తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు, కొన్ని ఊళ్లోనే ఉన్నాయి; నక్కలగుడి, కంచరగుడి లాంటివి జనం తాకిడి లేనివి. సున్నాలు, రంగులు మీద పడని గోడలు చూడాలంటే వాటి దగ్గరికే వెళ్లాలి. కోష్ఠాల్లో (గోడ గూళ్లలో) శిల్పానికి ఎదురెండ వద్దు, గోడని రాసుకుంటూ పోయే ఎండ కావాలి, అప్పుడే ఉలి గీత కనపడుతుంది. మన అక్షాంశం 17 డిగ్రీలు కాబట్టి చలికాలమంతా ఎండ దక్షిణపు గోడకే. ఉత్తరపు గోడ మీద నడిమధ్యాహ్నం కూడా ఎండ పడేది మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకానే. చలికాలంలో ఉత్తరపు గోడ తీస్తే మెత్తటి నీడ వెలుగు, దానికి తగ్గట్టు తీయండి.

ద్రాక్షారామంలో శాసనాలు వందల్లో ఉన్నాయి. రాతి అక్షరం చదివేలా రావాలంటే కెమెరా మీద ఫ్లాష్ పనికిరాదు. చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని రాతికి పది పదిహేను డిగ్రీల వాలులో, ఓ పక్క నుంచి పట్టుకోవాలి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పై నుంచి వెలుగిచ్చి రెండు తీయండి, ఒక దాంట్లో పోయిన గీత రెండో దాంట్లో తేలుతుంది. పక్కన స్కేలు పెట్టండి. సుద్ద రుద్దడం, నీళ్లు చల్లడం, నూనె పూయడం ఎవరు చెప్పినా చేయకండి. గోపురం నిటారుగా రావాలంటే కెమెరా పైకి ఎత్తకుండా సమంగా పట్టుకుని వెనక్కి జరగడమే. జాగా లేకపోతే చుట్టూ ఎక్కువ ఖాళీ ఉంచి తీయండి, తర్వాత కంప్యూటర్లో సరిచేస్తే అంచులు ఎలాగూ పోతాయి.

ఇంకోచోట, గుడి పేరెందుకు, గేటు దగ్గర ఒకాయన కెమెరాకి 200 అడిగాడు. రసీదు ఇవ్వమంటే “అయితే సెల్లుతో తీసుకోండి, ఫ్రీ” అన్నాడు. ఇవ్వలేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో చేత్తో తీసే మామూలు ఫొటోలకి విడిగా రుసుము లేదు. ట్రైపాడ్‌కి ముందు అనుమతి కావాలి. గర్భగుడిలో ఎక్కడైనా వద్దు. డ్రోన్ సంచిలోనే ఉంచండి. 250 గ్రాముల లోపుదైనా, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాపు చూడకుండా ఎగరేయకూడదు, రాజమండ్రికి విమానాశ్రయం పక్కనే.

మండువా లోగిళ్లు డెల్టా ప్రాణం. ఇంటివాళ్లని అడిగి, వాళ్లు రమ్మంటేనే లోపలికి. నడిమధ్యాహ్నం మండువాలో ఎండ చతురస్రంగా పడి మిగతా వసారా నల్లగా అయిపోతుంది. పొద్దున్న తొమ్మిది లోపు ఆకాశం వెలుగు మాత్రమే దిగుతుంది, స్తంభాలూ దూలాలూ అన్నీ తేరుతాయి. అయినా రెండేసి స్టాపుల తేడాతో (అంటే వెలుగు నాలుగేసి రెట్లు మారేలా) మూడు తీసి కలుపుకోండి. గడప మీద పసుపు, కుంకుమ బొట్లు, ద్వారబంధంలో చెక్కిన పద్మం, వానధార పడి అరిగిన మండువా రాయి అంచు, ఇవి దగ్గరగా తీయండి. నెట్లో పెట్టేటప్పుడు ఊరి పేరు చాలు, ఇల్లు ఎక్కడో తెలిసే జీపీఎస్ తీసేయండి. ఇంట్లో మనుషులుంటారు, పాత తలుపులకి బేరగాళ్లూ తిరుగుతుంటారు.

యానాం బాగానే ఉంది, ఓ పూట చాలు. కోరింగలో మడచెట్ల వేళ్లు కావాలంటే పోటు తీసిన వేళకి వెళ్లాలి. ఆటుపోట్ల పట్టిక చూసుకోకుండా వెళ్తే ఆకులు తప్ప ఏం కనపడవు. అంతర్వేదికి నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు సఖినేటిపల్లి పంటు వేళలు రేవులోనే కనుక్కోండి, ఏరు పొంగితే ఆపేస్తారు. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఉప్పు తుంపర లెన్సు మీద పడుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలే. మంచినీళ్లతో తడిపిన గుడ్డతో అద్ది, తర్వాత పొడిది. ట్రైపాడ్ కాళ్లు ఇసకలో ముందే గట్టిగా దించేయండి, లేకపోతే ఫొటో మధ్యలో దిగుతాయి.

ఎప్పుడు వెళ్లాలంటే, నీళ్ల రంగు చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో వరద గోదారి ఎర్రన. వంతెనల కింద సుడులు కావాలంటే అప్పుడే. సార్వా (వానాకాలం వరి) పచ్చదనం సెప్టెంబరు, అక్టోబరు. పొగమంచు డిసెంబరు, జనవరి. ఎండాకాలం కాలవలకి నీళ్లు ఆపేస్తారు, అప్పుడొస్తే అక్విడక్టు పైన నీళ్లుండవు. దాళ్వా (రెండో పంట వరి) పచ్చదనం ఫిబ్రవరి, మార్చి, గదులు చవగ్గా దొరికేదీ అప్పుడే. సంక్రాంతికి మాత్రం వద్దు: కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసేవాళ్లు తప్ప మిగతావాళ్లకి ఆ వారం గదీ దొరకదు, కారూ దొరకదు.